డిగ్రీ పరిశోధన ప్రాజెక్టులో చిక్కులు: లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

డిగ్రీ విద్యార్థి తొలిసారిగా చేసే పరిశోధన ప్రాజెక్టులో పొరపాటు జరిగే వారం ఒకటి, అది బయటపడే వారం మరొకటి. ఫలితాల అధ్యాయం రాస్తున్నప్పుడు ఎదురయ్యే చిక్కుకు మూలం చాలాసార్లు తొలి రోజుల నోట్‌బుక్కులోనో, అసలు నోట్‌బుక్కే లేకపోవడంలోనో దొరుకుతుంది. అందువల్ల కింద ప్రతి సమస్యనూ పైకి కనబడే లక్షణంతో మొదలుపెట్టి, కారణం దాకా వెనక్కి వెళ్లి, సరిచేయవలసింది ఎక్కడో వివరించాను.

చదవడం ఆగదు, పని మొదలవదు

నెల గడిచినా వ్యాసాలు డౌన్‌లోడ్ చేసుకోవడం, వాటిలో గీతలు పెట్టుకోవడం తప్ప మరేమీ జరగకపోతే లోపం మీ శ్రద్ధలో లేదు. చేతిలో ఉన్నది అంశమే గాని ప్రశ్న కాకపోవడమే కారణం. ‘పత్రికలలో స్త్రీల చిత్రణ’ అన్నది అంశం. దానికి అంచులు లేవు కాబట్టి ఎంత చదివినా చదవవలసింది మిగిలే ఉంటుంది. ‘ఒక దినపత్రిక ఏడాదిపాటు ప్రచురించిన సంపాదకీయాలలో స్త్రీలు చేసే పని ప్రస్తావనకు వచ్చినప్పుడు, జీతం వచ్చే పని గురించి ఎన్నిసార్లు, ఇంటి పని గురించి ఎన్నిసార్లు రాశారు?’ అన్నది ప్రశ్న. ఏ ఆధారాన్ని తీయాలో, దేన్ని లెక్కించాలో, ఎక్కడ ఆపాలో ఆ వాక్యమే చెబుతోంది. మీ ప్రశ్న ఈ మూడూ చెప్పగలిగేదాకా దాన్ని కుదిస్తూ పోవాలి.

ఒకే నమూనా, ప్రతిసారీ వేరే రీడింగు

ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరుతో పనిచేసేవారిని ఎక్కువగా వేధించే సమస్య ఇదే. వెంటనే పరికరాన్ని నిందించకుండా, తేడా ఏ మెట్టు దగ్గర మొదలవుతోందో వరుసగా చూడండి. క్యువెట్‌ను, అంటే ద్రావణం పోసి పరికరంలో పెట్టే చిన్న గిన్నెను, కదపకుండా మూడుసార్లు రీడింగు తీయండి; అంకెలు అప్పుడే మారుతుంటే దీపం ఇంకా వేడెక్కలేదని గాని, ద్రావణంలో బుడగలో మడ్డో తేలుతున్నాయని గాని అర్థం. అవి నిలకడగా ఉంటే క్యువెట్‌ను బయటికి తీసి మళ్లీ పెట్టి చూడండి. ఇక్కడ తేడా వస్తే కాంతి దూరే ముఖం మీద వేలిముద్రలున్నాయో, క్యువెట్‌ను ప్రతిసారీ వేరే వైపుకు తిప్పి పెడుతున్నారో గమనించాలి. గరుకు వైపులనే పట్టుకోవడం, ఒక మూలన గుర్తు పెట్టుకోవడం దీనికి మందు. ఇదీ బాగానే ఉండి, ద్రావణాన్ని కొత్తగా కలిపినప్పుడే అంకె మారుతుంటే లోపం పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే గొట్టం) పట్టిన చేతిలో ఉంది.

ద్రావణం గాఢతకు ఎదురుగా రీడింగులు గీసిన గ్రాఫు పై భాగంలో గీత వంగిపోవడం వేరే సంగతి. అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) 1 దగ్గర కాంతిలో 10 శాతం, 2 దగ్గర 1 శాతం మాత్రమే అవతలికి చేరుతాయి కనుక, ద్రావణం చిక్కబడేకొద్దీ దారి తప్పిన కొద్దిపాటి కాంతి కూడా రీడింగును పాడుచేస్తుంది. అటువంటి నమూనాను పలచన చేసి కొలిచి, ఎన్ని రెట్లు పలచన చేశారో దానితో హెచ్చించాలి. బ్లాంకుగా, అంటే పరికరాన్ని సున్నాకు సరిచేసే ద్రావణంగా, ఉత్త నీళ్లు పెట్టడం మరో తప్పు. కొలవదలచిన పదార్థం తప్ప మిగతా రసాయనాలన్నీ అందులో ఉండి తీరాలి.

తేడా ఏమీ కనబడలేదు, లేదా మరీ సులువుగా కనబడింది

రెండు గుంపుల మధ్య తేడా తేలకపోతే, తేడా లేదని రాసే ముందు నమూనా పరిమాణం చూడండి. ఒక మోస్తరు తేడాను, అంటే ప్రామాణిక విచలనంలో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) సగం ఉన్నదాన్ని, 5 శాతం ప్రమాణం మీద (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతమే ఉండేలా) 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. పదిహేను మందితో చేసిన సర్వేలో ఏమీ తేలకపోవడం ఫలితం కాదు, నమూనా చాలకపోవడం. అప్పుడు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో విశ్వాస అంతరంగా ఇవ్వడం నిజాయితీ గల మార్గం. జీవశాస్త్రంలో మరో ఉచ్చు ఉంది: ఎరువు వేసిన ఒకే కుండీలోని పది మొక్కలు పది నమూనాలు కావు. ఎరువు కుండీకి వేశారు కాబట్టి నమూనా ఒక్కటే.

దీనికి ఎదురు లక్షణం మరింత ప్రమాదకరమైనది. అసలు ఏ తేడా లేని డేటా మీద ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా 5 శాతం గీత దాటి ‘ఫలితం’గా కనబడే అవకాశం 64 శాతం. డేటా చూడకముందే ఏ పరీక్ష చేస్తారో తేదీ వేసి రాసుకోవడం, చేసినవన్నీ నివేదికలో చెప్పడం దీనికి ముఖ్యమైన విరుగుడు.

డేటాలోని పేర్లు తమంతట తామే మారిపోయాయి

ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుంది. ‘మార్చ్1’ అన్న జన్యువు మార్చి 1 అయిపోతుంది. ఈ బెడద ఎంత ముదిరిందంటే, జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీయే అటువంటి పేర్లను మార్చవలసి వచ్చింది. ఆ సంగతి 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో ఉంది. డేటా అతికించే ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా పెట్టండి. తొలి ఫైలును ముట్టకుండా దాచి, నకలు మీదే పనిచేయండి.

ఇద్దరు చదివితే రెండు అర్థాలు

ఇంటర్వ్యూలను ఇద్దరు విడివిడిగా వర్గీకరించి, 80 శాతం చోట్ల ఏకీభవించామని సంతోషించడం మామూలే. అయితే ఇద్దరూ నూటికి 80 చోట్ల ‘అవును’ అనేవారే అయితే, ఒకరినొకరు పట్టించుకోకుండా అన్నా 68 శాతం చోట్ల మాట కలుస్తుంది. ఆ వాటాను తీసివేసి ఏకీభావాన్ని లెక్కించే కోహెన్ కప్పా అనే కొలత (పూర్తిగా ఏకీభవిస్తే 1) విలువ ఇక్కడ 0.38 కన్నా తక్కువే. సాధారణంగా కారణం వర్గాల నిర్వచనాలు వదులుగా ఉండడం. ఏకీభవించని వాక్యాలను ఎదురెదురుగా పెట్టుకుని, ఏ మాట ఉంటే ఏ వర్గమో ఉదాహరణతో సహా తిరగరాసి, కొత్త ఇంటర్వ్యూల మీద మళ్లీ పరీక్షించాలి.

‘ఇందులో మీ వాదం ఎక్కడ?’

సాహిత్యం, చరిత్ర విద్యార్థులకు గైడు నుంచి ఈ వ్యాఖ్య వస్తే, ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రమే విడిగా ఒక కాగితం మీద రాసి చూడండి. అవన్నీ విమర్శకుల పేర్లతో మొదలవుతుంటే కారణం తెలిసినట్లే. మీరు చెప్పదలచిన మాటను ముందు పెట్టి, విమర్శకుణ్ణి దానికి సాక్షిగానో ప్రతివాదిగానో వెనక నిలపండి. నాలుగు పుస్తకాలలో ఒకే ఉల్లేఖన కనబడినంత మాత్రాన నాలుగు ఆధారాలు ఉన్నట్లు కాదు. మూలం పుట తెరిచి చూడవలసిందే, ఎందుకంటే ఒకరి తప్పును తరువాతివారు అలాగే ఎత్తి రాయడం కద్దు.

సేకరించిన ఇంటర్వ్యూలను వాడవద్దన్నారు

పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు కాపాడే నైతిక సంఘం అనుమతి, పాల్గొన్నవారి సమ్మతి పత్రం లేకుండానే రికార్డింగు మొదలుపెట్టడం దీనికి కారణం. దీన్ని వెనకటి తేదీతో సరిచేయడం కుదరదు, ఆ ప్రయత్నం చేయకూడదు కూడా. వెంటనే గైడుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ రికార్డింగులను పక్కన పెట్టాలి. గడువు దగ్గరపడితే, ఇప్పటికే అందరికీ అందుబాటులో ఉన్న సర్వే డేటాతోనో ప్రచురిత ఆత్మకథలతోనో జవాబు చెప్పగలిగేలా ప్రశ్నను మలచుకోవచ్చు. కొత్తగా అనుమతి తీసుకునే వ్యవధి ఉంటే, గంట రికార్డింగును రాతలో పెట్టడానికి కొత్తవారికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టవచ్చని లెక్కవేసుకుని, ఎంతమందితో మాట్లాడాలో ఆ తరువాతే నిర్ణయించండి.