గర్భిణికి డెంగీ సోకితే కడుపులోని బిడ్డను కాపాడుకోవడం ఎలా?

విశాఖపట్నంలో వానలు మొదలైనప్పటి నుంచి నవంబరు దాకా గర్భిణికి జ్వరం వస్తే, వైద్యులు కాదని తేల్చేవరకు దానిని డెంగీగానే ఎంచడం క్షేమం. మొదటి 5 రోజుల్లో రక్తంలో వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1, ఆ తరువాత వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలను పట్టే ఐజీఎం పరీక్ష చేస్తారు. ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని నిశ్చయించుకోకూడదు.

డెంగీ వచ్చిన తల్లులలో చాలామంది కోలుకుని ఆరోగ్యవంతులైన బిడ్డలనే కంటారు. అయితే నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా ఉండడం, కొందరిలో గర్భం పోవడం లేదా బిడ్డ కడుపులోనే చనిపోవడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. జికా వైరస్ మాదిరిగా డెంగీ అవయవ లోపాలను కలిగిస్తుందని రుజువు కాలేదు. కాన్పుకు కొద్ది రోజుల ముందు వచ్చే జ్వరం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అప్పుడు వైరస్ మాయ ద్వారా బిడ్డకు చేరవచ్చు, దానిని ఎదుర్కొనే యాంటీబాడీలు తల్లి నుంచి బిడ్డకు అందేంత వ్యవధి ఉండదు.

జ్వరానికి వైద్యులు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మాత్రమే వాడాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోకూడదు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించుకుంటే, ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు కండలో రక్తస్రావమై గడ్డలా పేరుకోవచ్చు. బీపీ ముప్పు ఉందని రోజూ ఎకోస్ప్రిన్ 75 (తక్కువ మోతాదు ఆస్పిరిన్) వేసుకుంటున్న వారు ఆ సంగతి తప్పక చెప్పి, ఆపాలో లేదో వైద్యులనే అడగాలి. గర్భిణిని బొప్పాయి పండు తిననివ్వని పెద్దలే జ్వరం రాగానే బొప్పాయి ఆకు రసం తెచ్చి ఇస్తుంటారు. గర్భిణికి అది సురక్షితమని తేలలేదు కనుక వద్దనడమే మేలు.

జ్వరం దిగిపోగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు కానీ, అసలు గండం అప్పుడే మొదలవుతుంది. సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య జ్వరం తగ్గే వేళ రక్తనాళాల నుంచి ద్రవం బయటికి జారి, బీపీ పడిపోయి, గర్భాశయానికి రక్తం సరిగా అందకపోవచ్చు. గర్భిణికి రక్తం ముందే పలచబడి, నాడి వేగంగా ఉంటుంది కాబట్టి ఈ మార్పు పైకి ఆలస్యంగా తెలుస్తుంది. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడకుండా, రక్తం ఎంత చిక్కబడిందో తెలిపే హెమటోక్రిట్‌ను కూడా రోజూ చూపించుకోవాలి. అందుకే, ఒంట్లో బాగానే ఉన్నా ఆసుపత్రిలో చేరమంటారు. కడుపునొప్పిని పురిటినొప్పులని పొరబడే అవకాశం ఉంది. ఆ నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గాని కింద నుంచి గాని రక్తం, మూత్రం తగ్గడం, బిడ్డ కదలికలు మునుపటికన్నా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి, బ్లడ్ బ్యాంకు, నవజాత శిశు విభాగం రెండూ ఉన్న కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వంటి ఆసుపత్రికి చేరాలి.

డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం కునుకుకూ దోమతెర కట్టాలి. కుళాయి నీళ్లు పట్టే డ్రమ్ములను వారానికొకసారి ఖాళీ చేసి, గోడలకు అంటుకున్న గుడ్లు పోయేలా లోపలంతా తోమి ఆరబెట్టాలి.

కాన్పు తరువాత తల్లిపాలు మాన్పించనక్కర లేదు. మొదటి 2 వారాల్లో బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు సరిగా తాగకపోయినా, ఒంటిమీద ఎర్రని చుక్కలు కనిపించినా, తల్లికి ఏ తేదీన జ్వరం మొదలైందో చెప్పి వెంటనే పిల్లల వైద్యులకు చూపించాలి.