వాట్స్ మార్చలేదు, అయినా వేప్ తేడా కొడుతోందా? ముందు ఓమ్స్ చూడండి

ఇండియాలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం కాబట్టి ఇది అక్కడివాళ్ల కోసం కాదు. యూకేలో ఉంటూ, సిగరెట్ మానేసి వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి, మారిన మనవాళ్ల కోసం. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ డిస్పోజబుల్స్ (వాడి పారేసే వేప్‌లు) అమ్మడం ఆపేశారు, అందరూ లిక్విడ్ నింపుకునే కిట్లు కొన్నారు, అప్పట్నుంచి నాకు ఒకటే ప్రశ్న: "అన్నా, పాత కాయిల్‌కీ 40 వాట్సే, దీనికీ 40 వాట్సే పెట్టా, మరి ఇదేంటి ఇలా ఉంది?" కాయిల్, అంటే కాటన్ పీల్చిన లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి చేసే లోహపు ముక్క, దాని మీద ఏం రాసి ఉందో చూశావా అంటే చూడలేదంటారు. సూదిమొనంత అక్షరాలతోనైనా అక్కడే ఉంటుంది, ఎన్ని ఓమ్స్ (కాయిల్ కరెంట్‌కి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత), ఎన్ని వాట్స్ నుంచి ఎన్ని వాట్స్ వరకు అని. అది చూడకుండా నాకు ఫోటోలు పంపకండి.

కొత్త కాయిల్, రెండో పఫ్‌కే మాడు రుచి

వాట్స్ అంటే మంట. ఒకే మంట మీద పోపు గరిటె పెడితే ఆవాలు క్షణంలో మాడిపోతాయి, దోసె పెనం పెడితే వేడెక్కడానికే టైం పడుతుంది. 1.2 ఓం కాయిల్ మామూలుగా సన్నటి తీగ, చిన్న కాయిల్, 10–14 వాట్స్‌కి చేసింది. దానికి 40 పెడితే కాటన్ మాడక ఏం చేస్తుంది? వాట్స్ తగ్గించండి, లిక్విడ్ నింపాక పది నిమిషాలు ఆగండి, రాసి ఉన్న రేంజ్‌లో కింది అంకెతో మొదలుపెట్టండి. ఒకసారి మాడిన కాటన్ మాత్రం మళ్లీ బాగుపడదు, ఆ కాయిల్ తీసి పారేయడమే.

లిక్విడ్ కూడా చూసుకోండి. వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) 70 శాతం ఉన్న చిక్కటి లిక్విడ్ ఆ చిన్న కాయిల్ కన్నాల్లోంచి సరిగా లోపలికి ఇంకదు, దానికి 50/50, అంటే వీజీ సగం, పల్చటి పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్) సగం ఉన్నది పోయాలి.

ఆవిరి పల్చగా, చల్లగా వస్తోంది

పై దానికి తిరగేసిన కేసు. 0.2 ఓం మెష్ (జల్లెడలాంటి లోహపు రేకు) అంటే పెద్ద పెనం లాంటిది, 45–60 అని రాసి ఉన్నదానికి 25 పెడితే గోరువెచ్చగానే ఉంటుంది. పెంచండి. "ఓమ్స్ తగ్గితే ఆవిరి ఎక్కువ" అనే మాట వాట్స్‌ని అదుపు చేసే చిప్ లేని పాత మెకానికల్ డివైస్‌ల నుంచి వచ్చింది. అక్కడ బ్యాటరీ వోల్టేజే నేరుగా కాయిల్‌కి వెళ్తుంది, ఓమ్స్ తగ్గితే కరెంట్, దాంతోపాటు వాట్స్ పెరుగుతాయి. చిప్ ఉన్న డివైస్‌లో మీరు 40 పెడితే 40 వాట్సే, ఆ వేడి ఎంత లోహం మీద పరుచుకుంటుందన్నదే తేడా. అందుకే ఒకే ఓమ్స్ ఉన్న మెష్ కాయిల్, తీగ కాయిల్ కూడా ఒకలా ఉండవు.

రేంజ్ సరిగానే ఉంది, మాడు రుచి లేదు, అయినా దమ్ము లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. లెస్టర్‌లో ఉండే ఫ్రెండ్ ఒకడు మూడు కాయిల్స్ మార్చాడు, లిక్విడ్ మార్చాడు, బ్యాటరీ కూడా కొత్తది కొన్నాడు. స్క్రీన్ మీద 50 వాట్స్, చేతిలోకి వచ్చేది సగం ఆవిరి. నేనూ ఓ గంట సెట్టింగులన్నీ తిరగేశాను. చివరికి చూస్తే, కాయిల్ మీద 0.20 అని ఉంది, స్క్రీన్ 0.25 అంటోంది, లిక్విడ్ ట్యాంక్‌ని కొంచెం తిప్పితే 0.23, ఇంకొంచెం తిప్పితే 0.26. ట్యాంక్ విప్పి అది బిగించే చోట, అంటే 510 కనెక్షన్‌లో, ఇయర్‌బడ్ పెట్టి తిప్పితే నల్లటి జిగురు వచ్చింది. నెలల తరబడి కారిన లిక్విడ్ అదంతా.

లెక్క చూడండి. కాయిల్ 0.20, మురికి పట్టిన కనెక్షన్ 0.05. డివైస్‌కి ఈ రెండూ విడివిడిగా కనబడవు, మొత్తం 0.25 ఓం అనుకుని దానికి 50 వాట్స్ ఇస్తుంది. అందులో 40 కాయిల్‌కి వెళ్తుంది, మిగతా 10 ఆ మురికి దగ్గరే వేడిగా పోతుంది. డివైస్ మెడ దగ్గర వేలు పెట్టి చూడండి, అక్కడ మామూలుకంటే వేడిగా ఉంటే అదే సాక్ష్యం. ఇదే 0.05 ఓం 1.2 ఓం కాయిల్‌తో ఉంటే నష్టం 4 శాతమే, ఎవరికీ తెలియదు. అందుకే చిన్న కాయిల్ వాడినన్నాళ్లూ బాగానే ఉండి, 0.2 మెష్‌కి మారగానే "ఈ కాయిల్ డూప్లికేట్ రా" అంటారు. పాపం, కాయిల్ తప్పేమీ లేదు.

శుభ్రం చేయడం ఐదు నిమిషాల పని. బ్యాటరీ తీసేయండి, లోపలే ఉండేదైతే స్విచాఫ్ చేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో మరలు, మధ్య పిన్, ట్యాంక్ అడుగు తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. ట్యాంక్ లోపల కాయిల్ బిగువుగా ఉందో లేదో కూడా చూడండి, అది వదులైనా ఇదే లక్షణం. తర్వాత చేతికి ఆగేంతవరకే బిగించండి. బలం చూపిస్తే పిన్ లోపలికి అణిగిపోయి ఇంకో కొత్త తలనొప్పి. కొలత కాయిల్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 0.20 కాయిల్ 0.21, 0.22 చూపిస్తే కంగారు పడకండి, అంకె ఒకచోట నిలబడుతోందా లేదా అన్నదే ముఖ్యం.

దగ్గు, తల తిరగడం

డివైస్‌ది కాదు తప్పు, లిక్విడ్‌ది. చిన్న పాడ్‌లో వాడిన మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాముల సాల్ట్ (గొంతులో ఘాటు తక్కువుండే రకం) నికోటిన్‌నే 50 వాట్స్ మెష్‌లో పోశారు. ఒక్కో పఫ్‌కి ఆవిరి ఎక్కువ, నికోటిన్ కూడా ఎక్కువే. ఆపి, 3 మిల్లీగ్రాములది తెచ్చుకోండి.

ఇక చిప్ పోవడం, ఫ్యాక్టరీ నుంచే కాయిల్ తప్పుగా రావడం అరుదు, ఇంకో కాయిల్ వేసి చూస్తే తేలిపోతుంది. కొన్ని చిన్న డివైస్‌లు బ్యాటరీ వోల్టేజ్‌ని పెంచలేవు, 3.7 వోల్ట్‌లతో 1.2 ఓం కాయిల్‌కి దాదాపు 11 వాట్సే వస్తాయి, స్క్రీన్ మీద 20 పెట్టుకున్నా అంతే. బ్యాటరీ మీది ప్లాస్టిక్ చుట్టు చిరిగి ఉంటే మాత్రం ఇవేవీ ప్రయత్నించొద్దు, ఆ బ్యాటరీని డివైస్‌లో పెట్టనే పెట్టకండి, చెత్తబుట్టలో కాకుండా బ్యాటరీలు తీసుకునే డబ్బాలో వేయండి.