ఎదురు వంపు ఉన్న పొట్టి విల్లు: టిల్లరింగ్‌లో సమస్యలు - పరిష్కారాలు

ఒకే చెక్క ముక్కతో చేసిన విల్లు పొడవు తగ్గేకొద్దీ చెక్క పీచు మీద పడే ఒత్తిడి పెరుగుతుంది. ఆ చెక్క చెట్టులో ఉన్నప్పుడో, ఆరేటప్పుడో విలుకాడికి దూరంగా, లక్ష్యం వైపు వంగి ఉంటే (ఇదే ఎదురు వంపు) ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. 50 అంగుళాల విల్లులో కొసలు పిడి కంటే 2 అంగుళాలు ముందుకు ఉన్నాయనుకుందాం. నారి పిడికి 5 అంగుళాల దూరంలో నిలిచేలా కట్టేసరికే ఆ కొసలు దాదాపు 7 అంగుళాలు కదిలిపోతాయి. తిన్నని బద్ద అయితే అదే స్థితికి 5 అంగుళాలే కదులుతుంది. అందువల్ల పొడవాటి తిన్నని విల్లు ఓర్చుకునే చిన్న పొరపాట్లను ఈ విల్లు ఓర్చుకోదు.

పిడికి రెండు వైపులా ఉండే వంగే భాగాలు రెక్కలు. అవి సరైన తీరులో వంగేలా చెక్కను కొద్దికొద్దిగా గీకి పలచన చేయడమే టిల్లరింగ్. ఇక్కడ వీపు అంటే లక్ష్యం వైపు ఉండే ముఖం, కడుపు అంటే విలుకాడి వైపు ఉండే ముఖం. దళసరి తగ్గించేది ఎప్పుడూ కడుపు వైపు నుంచే. వీపు మీద ఒకే వార్షిక వలయం (చెట్టు ఏటా పెరిగే పొర) ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సన్నాహం తప్పనిసరి. నారి లేని బద్దను పక్కవాటుగా ఒక పెద్ద అట్ట మీద పెట్టి, దాని సహజ ఆకారాన్ని పెన్సిలుతో గీసుకోవాలి. పిడి మధ్య నుంచి రెండు వైపులా ప్రతి 3 అంగుళాలకు బద్ద మీదా అట్ట మీదా ఒకే చోట గుర్తులు పెట్టుకోవాలి. కింద చెప్పిన సమస్యల్లో సగం ఈ గీత లేకపోవడం వల్ల వచ్చేవే.

సమస్య 1: నారి కట్టినప్పుడు రెక్క బయటి సగం బిగుసుకుపోయినట్టు, పిడి దగ్గరి సగం ఎక్కువగా వంగినట్టు కనిపిస్తుంది

చాలా సందర్భాల్లో ఇది సమస్యే కాదు. ఎదురు వంపు బయటి సగంలో ఉన్న బద్దలో ఆ భాగం ముందు తన ఎదురు వంపును పోగొట్టుకుని తిన్నగా అవ్వాలి, ఆ తర్వాతే వంగినట్టు కంటికి ఆనుతుంది. కాబట్టి నారి కట్టినప్పుడు తిన్నగా కనిపించే భాగం నిజానికి మిగతా భాగమంత కదిలి ఉండవచ్చు. దాన్ని బిగుతుగా భావించి గీకితే అక్కడ చెక్క పలచబడుతుంది, పూర్తిగా లాగినప్పుడు భారమంతా అక్కడికే చేరుతుంది. చక్కని అర్ధచంద్రాకారం రావాలన్న కోరికతో పాడు చేసిన ఎదురు వంపు విల్లులే ఎక్కువ అని నా అభిప్రాయం.

పరిష్కారం కొలతలో ఉంది. విల్లును అట్ట మీది గీతపై పిడి కుదిరేలా పెట్టి, ప్రతి గుర్తు దగ్గర పాత గీత నుంచి రెక్క ఎంత దూరం వచ్చిందో కొలవాలి. ఆ దూరమూ, ఒక గుర్తు నుంచి తర్వాతి గుర్తుకు అది పెరిగే మోతాదూ పిడి నుంచి కొస వైపు క్రమంగా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఒక్కసారిగా ఎగరకుండా పెరుగుతూ ఉంటే, రెక్క ఆకారం కంటికి ఎంత వింతగా కనిపించినా టిల్లరింగ్ సరిగ్గానే ఉంది. రెండు గుర్తుల మధ్య పాత గీతకూ రెక్కకూ ఉన్న కోణం ఏమాత్రం పెరగకపోతే, అప్పుడే ఆ ముక్క నిజంగా బిగుతుగా ఉందని అర్థం. అక్కడ మాత్రమే గీకాలి. మధ్యలో పెన్సిలు ఉన్న చిన్న చెక్క దిమ్మను కడుపు మీద జరిపి బిగుతు చోట్లు గుర్తించే పద్ధతి తిన్నని బద్దలకు బాగా పనికొస్తుంది. ఎదురు వంపు ఉన్న చోట అదే దిమ్మ మంచి చెక్కను కూడా బిగుతుగా చూపిస్తుంది కనుక ఇక్కడ దాన్ని నమ్మకూడదు.

పొడవాటి వదులు నారితో లాగి చూసే దశను వీలైనంత త్వరగా ముగించడం కూడా అవసరం. వదులు నారి కొసలను లాగే దిశ వేరు, కట్టిన నారి లాగే దిశ వేరు. మొదటి దానితో కనిపించిన ఆకారం రెండో దానితో అలాగే ఉండదు.

సమస్య 2: రెండు రెక్కల ఆకారం ఒకేలా లేదు

సహజ బద్దలో ఒక రెక్కకు 2 అంగుళాల ఎదురు వంపు, రెండో దానికి అర అంగుళం ఉండటం మామూలే. ఇక్కడ రెండు రెక్కలూ ఒకేలా కనిపించాలని ప్రయత్నించడం తప్పు, వాటి బలం సమంగా ఉంటే చాలు. విల్లును ఆధారం మీద పిడి అటూఇటూ ఒరగగలిగేలా ఉంచి, నారిని చేతితో పట్టుకునే చోట కొక్కెం తగిలించి నిదానంగా కిందికి లాగాలి. విల్లు ఏ వైపు ఒరిగితే ఆ రెక్క బలంగా ఉందని అర్థం. దాన్ని మొత్తం పొడవునా సమానంగా పలచన చేయాలి. తేడా మరీ ఎక్కువగా ఉంటే, టిల్లరింగ్ మొదలుకాకముందే తక్కువ వంపు ఉన్న రెక్కను వేడితో వంచి సరిచేసుకోవడం మేలు. సగం పని అయ్యాక వేడి చేస్తే పాత కొలతలన్నీ చెల్లవు, కొత్త గీత గీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

సమస్య 3: నారి పక్కకు జారుతోంది, విల్లు చేతిలో తిరగబడబోతోంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం. కొసలు ముందుకు ఉండటం వల్ల, నారి మధ్యగీత నుంచి కొద్దిగా తప్పినా అది రెక్కను మెలిపెట్టి విల్లును లోపలిది బయటికి తిప్పేయగలదు. కారణాలు రెండు: కొసలు పిడితో ఒకే వరుసలో లేకపోవడం, లేదా రెక్క అడ్డుకొలతలో ఒక అంచు మరో అంచు కంటే పలచగా ఉండటం. వంగేటప్పుడు కొస పలచని అంచు వైపు జరుగుతుంది. అందువల్ల కొస ఎడమకు జరిగితే కడుపు వైపు కుడి అంచు నుంచి చెక్క తీయాలి, కుడికి జరిగితే ఎడమ అంచు నుంచి. తేడా కొద్దిపాటిదైతే నారి గాడిని ఒక వైపు కాస్త లోతు చేసినా సరిపోతుంది. పావు అంగుళం దాటితే మాత్రం గీకి సరిచేయబోకుండా, ఆవిరితోనో పొడి వేడితోనో రెక్కను పక్కకు వంచి, చల్లారేదాకా బిగించి ఉంచాలి. నారి వరుసలోకి రానంత వరకు విల్లును కొన్ని అంగుళాలకు మించి లాగకూడదు, మొహం ఎదురుగా పెట్టి అసలే లాగకూడదు.

సమస్య 4: ఒకచోటే మడత పడినట్టు వంగుతోంది

ఎదురు వంపు మొదలయ్యే మలుపు దగ్గర, చెక్కలోని కొమ్మ ముడి పక్కన ఇది తరచుగా కనిపిస్తుంది. మొదటి సమస్యను పొరబడి గీకిన ఫలితం ఇక్కడ బయటపడుతుంది. చెక్క బిగుతు దళసరి ఘనానికి అనుపాతంలో ఉంటుంది. అంటే దళసరిలో పదో వంతు తీస్తే బిగుతు దాదాపు 27 శాతం పడిపోతుంది, వెడల్పులో పదో వంతు తీస్తే 10 శాతమే తగ్గుతుంది. పలచబడిన చోట చెక్కను తిరిగి అతికించలేం కాబట్టి, ఆ చోట అడ్డంగా గీత గీసి దాన్ని పూర్తిగా వదిలేసి, దానికి రెండు వైపులా ఉన్న భాగాన్ని, ఆ తర్వాత రెండో రెక్కను కూడా, దాని స్థాయికి తగ్గించుకుంటూ రావాలి. లాగుడు బరువు (విల్లును లాగడానికి కావలసిన బలం) తగ్గుతుంది, దాన్ని ఒప్పుకోక తప్పదు. ముందుగా అనుకున్న బరువును కాపాడుకోవాలని ఆ మడతతోనే ఇంకా లాగితే చెక్క అక్కడే నలుగుతుంది.

చెక్క తీసిన ప్రతిసారీ విల్లును తక్కువ దూరానికి 20 లేదా 30 సార్లు లాగి వదలాలి, ఆ తర్వాతే కొలవాలి. తీసిన చెక్క ప్రభావం రెక్కలో వెంటనే పూర్తిగా కనిపించదు.

సమస్య 5: నారి విప్పాక ఎదురు వంపు తగ్గిపోతోంది

నారి విప్పగానే కొంత వంపు తగ్గి, ఒకటి రెండు గంటల్లో చాలా వరకు తిరిగి వస్తే కంగారు పడనవసరం లేదు. తిరిగి రాకపోతే కడుపు వైపు పీచు శాశ్వతంగా నలిగిందని అర్థం. అట్ట మీది గీతతో పోల్చితే ఆ నష్టం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. రెక్క అంతటా సమానంగా ఉంటే చెక్కలో తేమ ఎక్కువగా ఉండవచ్చు, లేదా ఆ వెడల్పుకు ఆ లాగుడు బరువు మించి ఉండవచ్చు. ఒకే చోట ఉంటే అది టిల్లరింగ్ లోపం, నాలుగో సమస్య చూడాలి. విల్లు చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉండటం మంచిది. కొలిచే పరికరం లేకపోతే బద్దను కొన్ని రోజుల పాటు తూచుతూ, బరువు తగ్గడం ఆగాకే పని కొనసాగించాలి. అతిగా ఆరిన చెక్క పెళుసై విరుగుతుంది కనుక ఎండలో పెట్టి తొందరపెట్టకూడదు.

పోయిన వంపును, కడుపు వైపు పొడి వేడి ఇచ్చి, బద్దను అచ్చుకు బిగించి కొంతవరకు తిరిగి తేవచ్చు. వేడికి తేమ ఆవిరైపోతుంది కాబట్టి ఆ తర్వాత కొన్ని రోజులు లాగకుండా వదిలేయాలి. కారణాన్ని సరిచేయకుండా తెచ్చిన వంపు మళ్లీ పోతుంది.

సమస్య 6: కడుపు మీద అడ్డంగా సన్నని గీతలు, లేదా వీపు మీద లేచిన పీచు

అడ్డగీతలు నలిగిన పీచుకు గుర్తు. వాటిని గీకి తీసేస్తే ఆ చోటు ఇంకా పలచబడుతుంది. గీతలు తేలికగా ఉంటే మిగతా రెక్కను పలచన చేసి, లాగుడు పొడవును రెండు మూడు అంగుళాలు తగ్గించి వాడుకోవచ్చు. వీపు మీద పీచు లేస్తే వెంటనే నారి విప్పాలి. చిన్నదైతే పలచని జిగురు పట్టించి దారంతో బిగించి చుట్టాలి. పగులు అడ్డంగా పాకితే ఆ విల్లును ఇక లాగకూడదు.

సమస్య 7: చివరి అంగుళాల్లో లాగుడు బరువు ఒక్కసారిగా పెరుగుతోంది

పొట్టి విల్లులో నారికీ కొసకూ మధ్య కోణం త్వరగా 90 డిగ్రీలకు చేరుతుంది. ఆ తర్వాత లాగిన ప్రతి అంగుళానికీ బరువు విపరీతంగా పెరుగుతుంది. కొసల దగ్గర మిగిలిన ఎదురు వంపు ఆ కోణాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి కొసలను ఎక్కువగా వంగనివ్వకుండా, పిడి దగ్గరి భాగాన్ని, వీలైతే పిడిని కూడా, కాస్త ఎక్కువగా పనిచేయించడం మంచిది. అలా చేసినా బరువు ఎగురుతుంటే అది పొడవు విధించిన హద్దు. పిడితో సహా వంగే విల్లులో కూడా లాగుడు పొడవు విల్లు పొడవులో సగాన్ని మించకుండా చూసుకోవాలి. ఎదురు వంపు ఉన్న 50 అంగుళాల బద్దకు 22 లేదా 23 అంగుళాల దగ్గర ఆగడం నా దృష్టిలో సరైన నిర్ణయం. బాణాలనూ ఆ పొడవుకే కోసుకుంటే, ఆ హద్దు ఎక్కడో బాణమే గుర్తు చేస్తుంది.