ఆరేళ్ల తర్వాత స్టార్టయిన నాన్నగారి యెజ్డీ

విశాఖ పెదవాల్తేరులో మా సెల్లార్‌లో ఆరేళ్లు పడున్న యెజ్డీ 250 బైక్. ఎంత కిక్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు; ప్లగ్ తీసి చూస్తే స్పార్క్ ఎర్రగా, నీరసంగా ఉంది. కొత్త ప్లగ్, కొత్త కాయిల్, కొత్త బ్యాటరీ, కార్బురేటర్ క్లీనింగ్ అన్నీ దండగే.

చివరికి కవర్ విప్పి పాయింట్లు (కాయిల్‌కి కరెంటు తెంపి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) చూశాను. సముద్రపు గాలికి పైన బూడిదరంగు పొర. సన్న ఎమెరీ పేపర్ మడిచి మధ్యలో నాలుగుసార్లు లాగాను. తర్వాత పెట్రోల్‌లో తడిపిన పాత విజిటింగ్ కార్డు, నల్లటి చార రావడం ఆగేదాకా. (మూడు కార్డులు పట్టాయి.) పాయింట్లు పూర్తిగా తెరుచుకునేలా ఇంజిన్ తిప్పి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు పెట్టాను. స్పార్క్ నీలంగా టప్‌మంది! కొత్త పెట్రోల్, టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) కలిపి పోస్తే నాలుగో కిక్‌కి సెల్లార్ నిండా పొగ.

మీ బండికీ ఇదే రోగమని చెప్పలేను. పాయింట్ల మధ్య నిప్పురవ్వలు అణిచే కండెన్సర్ పోయుంటే పాయింట్లు మళ్లీ కాలిపోతాయి. నా కండెన్సర్ ఇంకా బతికే ఉంది, అంతే.