అమెరికా ఫెడరల్ రూల్‌ని అక్కడి కాంగ్రెస్ (పార్లమెంట్) కొట్టేస్తోందని ఫార్వర్డ్ వచ్చిందా? ముందు ఇవి చూసుకోండి

2025 మొదట్లో మా గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరిగింది, హెచ్4 వాళ్ళ (హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్యలు, భర్తల) ఈఏడీ, అంటే పని చేసుకునే పర్మిట్, పీకేస్తున్నారు, సెనేట్‌లో బిల్లు పెట్టేశారు అని. ఒకాయన రాత్రికి రాత్రి లాయర్‌కి మెయిల్ కొట్టాడు, ఇంకో జంట ఇల్లు కొందామనుకున్నవాళ్ళు ఆగిపోయారు. తీరా చూస్తే జాన్ కెన్నెడీ, రిక్ స్కాట్ అనే ఇద్దరు సెనేటర్లు ఒక జాయింట్ రిజల్యూషన్ (రెండు సభలూ పాస్ చేయాల్సిన తీర్మానం) పెట్టారు, అదీ అసలు ఈఏడీ మీద కాదు. రెన్యువల్ పెండింగ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్‌ని 180 రోజుల నుంచి 540 రోజులకి పెంచుతూ బైడెన్ ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో రూల్ తెచ్చింది కదా, దాని మీద. ఇలాంటి ఫార్వర్డ్‌లు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి ఈ తతంగం ఎలా నడుస్తుందో ఒకసారి తెలుసుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

దీని వెనక ఉన్నది 1996లో క్లింటన్ సంతకం పెట్టిన కాంగ్రెషనల్ రివ్యూ యాక్ట్, అందరూ సీఆర్ఏ అంటారు, ప్రభుత్వ ఏజెన్సీలు తెచ్చిన రూల్స్‌ని కాంగ్రెస్ కొట్టేయడానికి దారి ఇచ్చే చట్టం ఇది. ఏ ఏజెన్సీ అయినా ఫైనల్ రూల్ అమల్లోకి రావాలంటే దాన్ని ముందు కాంగ్రెస్ రెండు సభలైన హౌస్‌కి, సెనేట్‌కి, ఇంకా కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జీఏఓకి పంపాలి. అక్కడి నుంచి రోజుల లెక్క మొదలు.

ఫార్వర్డ్ రాగానే మొదట నంబర్ అడగండి. కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఎస్.జె.రెస్ (సెనేట్‌ది) అనో హెచ్.జె.రెస్ (హౌస్‌ది) అనో నంబర్ కనబడుతుంది, నంబర్ లేకపోతే ఆ మెసేజ్ పక్కన పడేయొచ్చు. నంబర్ ఉంటే టెక్స్ట్ తెరిచి చూడండి, చాలా చిన్నది, ఎందుకంటే ఏం రాయాలో చట్టమే చెప్పేసింది: ఫలానా ఏజెన్సీ పంపిన ఫలానా రూల్‌ని కాంగ్రెస్ తిరస్కరిస్తోంది, అది చెల్లదు, అంతే. రూల్‌లో ఒక పేరా ఉంచి ఒక పేరా తీయడం కుదరదు, సవరణలు ఉండవు, ఉంటే మొత్తం ఉంటుంది పోతే మొత్తం పోతుంది. ఆ ఒక్క వాక్యంలో మీ రూల్ పేరు ఉందా లేదా అదే చూసుకోవాలి, మా గ్రూపులో ఆ పని ఒక్కళ్ళూ చేయలేదు.

తర్వాత సెనేట్‌లో ఎక్కడిదాకా వచ్చిందో చూడండి, అసలు కథంతా అక్కడే. మామూలు బిల్లుకి ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి ఓటింగ్ ఆపేయడం) దాటాలంటే 60 ఓట్లు కావాలి, దీనికి అక్కర్లేదు. కమిటీ 20 రోజులు దాటినా కదపకపోతే 30 మంది సెనేటర్లు సంతకాలు పెట్టి బయటికి లాగేయొచ్చు, చర్చ 10 గంటలు దాటకూడదు, మామూలు మెజారిటీ చాలు. 2017 అక్టోబర్‌లో బ్యాంకుల మీద కస్టమర్లు అందరూ కలిసి కేసు వేసుకునేలా వచ్చిన ఆర్బిట్రేషన్ రూల్‌ని ఇలాగే తీసేశారు, ఓట్లు 50-50 వస్తే వైస్ ప్రెసిడెంట్ పెన్స్ వచ్చి ఓటేశాడు. కాబట్టి ఇద్దరు సెనేటర్లు పెట్టారు అన్న వార్తకి పెద్ద విలువ లేదు, 30 సంతకాలు పడ్డాయి అంటే మాత్రం లేచి కూర్చోండి. హౌస్‌లో ఇలాంటి ప్రత్యేక దారేం లేదు, అక్కడ మెజారిటీ పార్టీ తలుచుకుంటే ఎలాగూ అయిపోతుంది.

ఇక టైమ్. 60 రోజులు అంటారు కానీ మన గోడమీద క్యాలెండర్ లెక్క కాదు, ఈ సెనేట్ దారికి సభ నడిచిన రోజులే లెక్క, సెలవులన్నీ తీసేస్తే అది నెలల తరబడి సాగుతుంది. ఇంకో మెలిక, పాత కాంగ్రెస్ చివరి 60 పనిరోజుల్లో వచ్చిన రూల్స్‌కి కొత్త కాంగ్రెస్‌లో మళ్ళీ మొదటి నుంచి టైమ్ దొరుకుతుంది. అందుకే దిగిపోయే ప్రెసిడెంట్ ఆఖరి నెలల్లో హడావిడిగా తెచ్చిన రూల్స్ అన్నీ కత్తి కింద ఉన్నట్టే, మన 540 రోజుల రూల్ కూడా సరిగ్గా అలాంటిదే. పాతదైతే సేఫ్ అని మాత్రం అనుకోకండి, ఏజెన్సీ అప్పట్లో కాంగ్రెస్‌కి పంపకపోతే లెక్క మొదలే కానట్టు, 2013లో కార్ లోన్‌ల మీద వచ్చిన ఒక గైడెన్స్‌ని 2018లో అలాగే తవ్వి తీసి కొట్టేశారు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, సంతకం ఎవరు పెట్టాలి? ప్రెసిడెంటే పెట్టాలి. తన ప్రభుత్వం తెచ్చిన రూల్‌ని తనే కొట్టేసుకుంటాడా చెప్పండి. 2023లో బైడెన్ స్టూడెంట్ లోన్ మాఫీ మీద రెండు సభలూ పాస్ చేసి పంపితే జూన్‌లో ఆయన వీటో చేసేశాడు, వీటో దాటాలంటే మూడింట రెండొంతులు కావాలి, రాలేదు. (ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు మాఫీని కొట్టేసింది, అది వేరే కథ.) కాబట్టి ఇది పనిచేసేది ఎక్కువగా వైట్‌హౌస్ చేతులు మారినప్పుడే. 1996 నుంచి 2016 దాకా పని చేసింది ఒక్కసారే: ఒకే రకం పనితో మణికట్టు, నడుము దెబ్బతినకుండా కంపెనీలు జాగ్రత్తలు తీసుకోవాలని ఓషా (పనిచోట భద్రత చూసే ఏజెన్సీ) పదేళ్ళు కిందామీదా పడి 2000 నవంబర్‌లో ఎర్గోనామిక్స్ రూల్ తెస్తే, 2001 మార్చి 6న సెనేట్, 7న హౌస్, 20న బుష్ సంతకం, రెండు వారాల్లో ఖతం. రోజంతా కీబోర్డ్ కొట్టే మనవాళ్ళు దీనికి కొంచెమైనా బాధపడాలి.

అలా పోయిన రూల్ అసలు ఎప్పుడూ అమల్లోకి రానట్టే లెక్క. పైగా కాంగ్రెస్ కొత్త చట్టం చేస్తే తప్ప దాదాపు అదే రూపంలో ఆ ఏజెన్సీ మళ్ళీ తేకూడదు, దాదాపు అంటే ఎంతవరకో చట్టంలో రాయలేదు, అందుకని ఏజెన్సీలు ఆ జోలికే పోవడానికి భయపడతాయి. ఓటు గెలవడం కన్నా ఈ తాళం వేయడమే అసలు ఆకర్షణ అని నాకనిపిస్తుంది.

అసలు అది రూలా కాదా అన్నదాని మీద కూడా గొడవలవుతాయి. 2025లో కార్ల పొగ మీద సొంత నిబంధనలు పెట్టుకోమని కాలిఫోర్నియాకి ఇచ్చిన వేవర్లు (మినహాయింపులు) ఈ చట్టం కింద రూల్స్ కావని జీఏఓ చెప్పినా సెనేట్ ఓటేసింది, జూన్ 12న ట్రంప్ సంతకం పెట్టాడు, అదే రోజు కాలిఫోర్నియా కోర్టుకెక్కింది.

మన 540 రోజుల సంగతి ఏమైందంటే ఆ రిజల్యూషన్ పాస్ అవ్వలేదు. గ్రూపులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. 2025 అక్టోబర్ 30న హోమ్‌లాండ్ సెక్యూరిటీ వాళ్ళే ఒక ఇంటరిమ్ ఫైనల్ రూల్ (ముందు అభిప్రాయాలు అడగకుండానే అమల్లోకి వచ్చే రూల్) తెచ్చి, ఆ రోజు నుంచి వేసే చాలా రెన్యువల్స్‌కి, హెచ్4 వాళ్ళవి కూడా, ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షనే తీసేశారు, కాంగ్రెస్‌లో ఒక్క ఓటు కూడా అవసరం పడలేదు. అందుకే కాంగ్రెస్ డాట్ గవ్ ఒక్కటే కాదు, ఏజెన్సీల రూల్స్ అన్నీ అచ్చయ్యే ఫెడరల్ రిజిస్టర్‌లో కూడా అలర్ట్ పెట్టుకోండి, ఫ్రీనే, ఏజెన్సీ పేరు మీద సబ్‌స్క్రైబ్ చేస్తే మెయిల్‌కి వచ్చేస్తుంది.