లైబ్రరీ కౌంటర్ నుంచి కోర్సు తయారీకి

పాఠాలు చెప్పే పనిలోకి, ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే పనిలోకి రావాలనుకునే లైబ్రేరియన్లు ఏ సర్టిఫికెట్ చేయమంటారని నన్ను అడుగుతుంటారు. అంతకంటే ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. పిల్లలు కౌంటర్ దగ్గర అడిగేవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

మా డిగ్రీ కాలేజీలో ఎక్కువగా వినబడేది, "మేడమ్, ప్రాజెక్టుకి మెటీరియల్ దొరకట్లేదు." కాలేజీలకు ఈ-జర్నల్స్, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్ సర్వీసు లాగిన్ ఉంటుంది. కానీ "గుంటూరు జిల్లా మిర్చి రైతుల అప్పుల సమస్యలు" అని టైటిల్ మొత్తాన్నీ ఇంగ్లిష్‌లో సెర్చ్ బాక్స్‌లో కొడతారు, ఏమీ రాదు. ఎలా వెతకాలో చెప్పడమే మీ మొదటి పాఠం.

ఇరవై నిమిషాలు చాలు. పాఠం అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో ముందే ఒక వాక్యంలో రాయండి: "తన టాపిక్‌ని మూడు కీవర్డ్‌లుగా విడగొట్టి, పనికొచ్చే రెండు వ్యాసాలు తీస్తాడు." "సెర్చ్ గురించి అర్థం చేసుకుంటాడు" అని రాయకండి, అర్థమైందో లేదో బయటికి కనబడదు. తర్వాత పరీక్ష తయారుచేయండి. స్లైడ్లు ఆఖర్న. అప్పులకు "క్రెడిట్", "లోన్స్" లాంటి మాటలు వేసి చూడమని చెప్పి, ఒక విద్యార్థిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. సాయం చేయాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. ఎక్కడ ఆగిపోతున్నాడో రాసుకుని పాఠం మార్చండి. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో, అంటే పాఠాలను పద్ధతిగా రూపొందించే పనిలో, యాడీ (ADDIE) అని చెప్పే అయిదు దశలు (విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం) ఈ ఒక్క పాఠంలోనే మీ చేతుల మీదుగా జరిగిపోతాయి.

యూనివర్సిటీలో పనిచేసేవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. పీహెచ్‌డీ విద్యార్థులకు యూజీసీ పెట్టిన పరిశోధన, ప్రచురణ నైతికత కోర్సు 2 క్రెడిట్లు, 30 గంటలు. అందులో డేటాబేస్‌లు, సైటేషన్లు (ఆధారాల ప్రస్తావనలు), ప్లేజియరిజం (రచనా చౌర్యం) పట్టే సాఫ్ట్‌వేర్ భాగాలు మనకు రోజూ చేతిలో ఆడేవే. వాటిని మేం చెబుతామని డిపార్ట్‌మెంట్‌ను అడగండి. మొహమాటం వద్దు.

లైబ్రరీ సైన్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అవ్వాలంటే మాత్రం లైబ్రరీ సైన్స్ పీజీ అయిన ఎం.ఎల్.ఐ.ఎస్సీ.తో పాటు యూజీసీ నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ చూసుకోండి. నెట్ మొదటి పేపర్‌లో బోధనా సామర్థ్యం మీద ప్రశ్నలుంటాయి, ఈ అనుభవం అక్కడా పనికొస్తుంది.

ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే కంపెనీల వైపు వెళ్లేవాళ్లు మూడ్ల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్), హెచ్‌5పీ (క్విజ్‌ల లాంటి ఇంటరాక్టివ్ పాఠాలు తయారుచేసే సాధనం) నేర్చుకోండి, రెండూ ఓపెన్ సోర్సే. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల ఫైల్ ఒక్కటే పట్టుకెళ్లకండి. ఆ పాఠం మొదటి రూపం, పిల్లల ముందు పెట్టాక మార్చిన రూపం పక్కపక్కన చూపించి, ప్రతి మార్పూ ఎందుకు చేశారో చెప్పండి.