అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిన కంప్యూటర్: ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. అప్పట్నుంచి హన్మకొండ, వరంగల్‌లో ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా విండోస్ 11 ఎక్కించే ముచ్చటే. ఎక్కితే సంతోషం. ఎక్కకపోతే నల్ల స్క్రీన్ మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, లేదంటే నీలం స్క్రీన్ వచ్చి సిస్టమ్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంటుంది, అప్పుడు పక్కన నిలబడ్డవాళ్లంతా ఇచ్చే సలహా ఒక్కటే: "ఫార్మాట్ కొట్టెయ్ అన్నా". ఆ పని మాత్రం ఇప్పుడే చేయకండి. విండోస్ ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మీ పెళ్లిపత్రికల ఫైళ్లు, ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణం లెక్కలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు అట్ల దొరకవు. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, విండోస్ సంగతి తర్వాత.

మొదట అది నిజంగా ఆగిందా లేదా చూడండి. పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో శాతం అంకె గంటల తరబడి కదలకపోవచ్చు. సీపీయూ మీద డిస్క్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే పని జరుగుతున్నట్టే, పవర్ బటన్ జోలికి పోవద్దు. మధ్యలో ఈదురుగాలికి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, కరెంటు వచ్చాక ఆన్ చేసి వదిలేయండి. చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నట్టు మెసేజ్ కనిపిస్తే విండోస్ తనంతట తానే పాత వర్షన్‌కు పోతోందని అర్థం, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఈ టైంలో టెన్షన్ పడి మళ్లీ ఆఫ్ చేస్తేనే అసలు లొల్లి.

రాత్రంతా వదిలేసినా అట్లాగే ఉంటే ఇక రంగంలోకి దిగాలి. కీబోర్డ్, మౌస్, మానిటర్ తప్ప ప్రింటర్, పెన్‌డ్రైవ్, డాంగిల్ అన్నీ పీకేయండి. మరిచిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావాలని చూసి సిస్టమ్ ఆగిపోవడం కూడా ఉంటుంది. తర్వాత ఆన్ చేసి, చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా వరుసగా రెండు మూడు సార్లు చేస్తే విండోస్‌కు ఏదో తేడా ఉందని తెలిసి రిపేర్ స్క్రీన్ తెస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. మనకు కావాల్సినవన్నీ అక్కడే ఉంటాయి.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇక్కడే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అడ్డం వస్తుంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేనెప్పుడూ తాళం వేయలేదే అనుకుంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు చాలా కొత్త మెషీన్లలో అదే పడిపోతుంది. ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి డివైసెస్‌లో రికవరీ కీలు చూడండి. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే పాత ఓనర్ అకౌంట్‌లో ఉండొచ్చు. కీ లేకుండా ఆ డేటా ఎవరూ తీయలేరు. "తాళం తీసిస్తా" అనే షాపతను చేసేది ఫార్మాటే, డబ్బులు మాత్రం రెండు పనులకూ తీసుకుంటాడు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) టీపీఎం క్లియర్, అంటే తాళాల కీలు దాచే చిప్‌ను ఖాళీ చేసే ఆప్షన్ కనిపిస్తే దాన్ని అసలు ముట్టుకోవద్దు.

ఇక ఫైళ్లు తీయడానికి చాలామందికి తెలియని ఒక దారి ఉంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల విండో తెరిచి (పాస్‌వర్డ్ అడగొచ్చు) నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడే వస్తుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే మీ డిస్క్ మొత్తం కనిపిస్తుంది, అక్కడే రైట్ క్లిక్ చేసి ఫోల్డర్ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు. డ్రైవ్ అక్షరాలు తారుమారై సీ కాస్తా డీగా కనిపించినా పరేషాన్ కావద్దు, యూజర్స్ అనే ఫోల్డర్ ఎందులో ఉంటే అదే మీ విండోస్ డ్రైవ్. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించదు, విండో బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఓపిక పట్టండి. వందల జీబీ ఉంటే ఇంకో సిస్టమ్‌లో ఉబుంటు (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై ఉబుంటు ఎంచుకుని కాపీ చేసుకోవడం నయం. హార్డ్ డిస్క్ టక్ టక్ అంటుంటే మాత్రం డిస్క్ తప్పులు వెతికే చెక్ డిస్క్ లాంటివేవీ నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను అవి ఇంకా అలసిపోయేలా చేస్తాయి.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అందరూ తీస్తారు, మిగతావే మరిచిపోతారు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్ డేటా వేరే చోట పెట్టుకోకపోతే యూజర్స్‌లో పబ్లిక్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. డీటీపీ వాళ్లయితే విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ కూడా తీయండి, అను ఫాంట్లు లేకపోతే పాత పేజ్‌మేకర్ ఫైల్ తెరిచినా తెలుగు బదులు పిచ్చి గీతలే వస్తాయి.

కాపీ అయ్యాక ధైర్యంగా రిపేర్ మొదలుపెట్టొచ్చు. పాత వర్షన్‌కు తిరిగి వెళ్లే ఆప్షన్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కనిపిస్తే ముందు అదే నొక్కండి, అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల దాకానే మామూలుగా పని చేస్తుంది. లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రీస్టోర్ ఒకదాని తర్వాత ఒకటి. అదీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ చేసి 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది, అంటే అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడుస్తుంది. సేఫ్ మోడ్‌లో బాగానే నడిచిందంటే తప్పు ఏదో డ్రైవర్‌దో (హార్డ్‌వేర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్), బయటి యాంటీవైరస్‌దో. గ్రాఫిక్స్ డ్రైవర్, యాంటీవైరస్ తీసేసి చూడండి.

రీసెట్ దిస్ పీసీ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఫైళ్లు ఉంచుతాననే ఆప్షన్ ఎంచుకున్నా ప్రోగ్రాములన్నీ పోతాయి, పదేళ్ల కింద కొన్న అను, పేజ్‌మేకర్ సీడీలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అంతకన్నా మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ చేసుకుని కొత్తగా ఎక్కించడమే శుభ్రం, ఎలాగూ ప్రోగ్రాములు మళ్లీ వేయాల్సిందే. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఫైళ్లు కాపీ చేసుకున్న దాన్నే మళ్లీ దీనికి వాడేసేరు, చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ ఫైళ్లు పెట్టుకునే డీ డ్రైవ్ పార్టిషన్‌ను (డిస్క్‌లోని ఆ భాగాన్ని) ముట్టుకోవద్దు. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని చెప్పి ముందుకెళ్లండి, అదే మదర్‌బోర్డ్, అదే ఎడిషన్ అయితే నెట్ కలిపాక మామూలుగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

మళ్లీ 11కు పోవాలనుకుంటే మొదటిసారి వచ్చిన ఎర్రర్ కోడ్‌ను ఫొటో తీసి ఉంటే అది చూడండి. అందులో 1900101 ఉంటే ఎక్కువగా డ్రైవర్ గొడవ, 80070070 అయితే సీ డ్రైవ్‌లో చోటు చాలలేదు. ఇంటెల్ 8వ తరం కన్నా పాత ప్రాసెసర్‌లను విండోస్ 11 దాదాపుగా ఒప్పుకోదు, వాటి మీద అడ్డదారిలో ఎక్కిస్తే ఈ తిప్పలన్నీ ఇంకో అప్‌డేట్‌కు మళ్లీ రావచ్చు. అలాంటి సిస్టమ్‌లో నెట్, టైపింగ్ తప్ప వేరే పని లేకపోతే ఫైళ్లు తీయడానికి చేసిన ఆ ఉబుంటు పెన్‌డ్రైవ్ నుంచే ఇన్‌స్టాల్ కూడా చేసుకోవచ్చు.